మామిడి, జామ తోటల్లో వానాకాలం కలుపు: ఏ గడ్డి మందు, ఎప్పుడు?

ప్రశ్న: చెల్క రైతు, నర్సంపేట

అందరికీ నమస్కారం. నర్సంపేట దగ్గర మాకు నాలుగెకరాల ఎర్ర చెల్క ఉంది. మూడెకరాల్లో ఎనిమిది మీటర్ల ఎడంతో పెట్టిన పన్నెండేళ్ల మామిడి తోట ఉండగా, మిగిలిన ఎకరంలో రెండేళ్ల క్రితం జామ నాటాము. తూర్పు గట్టుకు ఆనుకొని మా చిన్నాన్న గారి పత్తి చేను ఉంది.

మృగశిరలో మొదటి వానలు పడిన రెండు వారాలకే తుంగ, గరిక నేలను కప్పేస్తున్నాయి. ఆ వెనుకే గలిజేరు, వయ్యారిభామ, గునుగు లేస్తాయి. వరి నాట్ల రోజుల్లో కైకిలికి మనుషులు దొరకరు కనుక, పోయిన ఏడాది ఆగస్టులో, గడ్డి మోకాళ్ల దాకా పెరిగాక, దుకాణంలో ఇచ్చిన గ్లైఫోసేట్ అనే గడ్డి మందును బోరు నీటిలో కలిపి తోటంతా కొట్టించాను. పైన గడ్డి ఎండింది గాని నెల తిరగకముందే తుంగ మళ్లీ లేచింది. అంతకంటే బాధ కలిగించిన విషయం ఏమిటంటే, ఒక వరుసలోని ఏడు జామ మొక్కలకు ఆ తర్వాత వచ్చిన చిగురు వేపాకు కంటే సన్నగా, పాలిపోయి, గుత్తులు గుత్తులుగా వచ్చింది. ఇది తెగులా, మందు దెబ్బా అన్నది నాకు తేలలేదు.

ఈసారి అదే దుకాణదారు గ్లైఫోసేట్‌తో పాటు 2,4-డి కూడా కలిపి కొట్టమని, చెట్లకు ఏమీ కాదని అంటున్నాడు. ఎకరానికి ఒక డబ్బా చొప్పున మూడెకరాల మామిడికి మూడు డబ్బాలు తీసుకెళ్లమన్నాడు. తీసుకోవాలా, వద్దా? తుంగకు అసలు మందంటూ ఉందా? ఇంకొక మాట, బతుకమ్మ పండుగ దాకా గునుగు జోలికి పోవద్దని మా అమ్మ ముందే హెచ్చరించింది.

సమాధానం: వ్యవసాయ పట్టభద్రుడు, జగిత్యాల

మీరు వర్ణించిన జామ చిగురు గ్లైఫోసేట్ దెబ్బకు సరిపోతున్నది. ఆ మందు ఆకు ద్వారానే గాక పచ్చిగా ఉన్న లేత కాండం ద్వారా, మొదలు నుంచి లేచిన పిలకల ద్వారా కూడా లోపలికి పోయి, ఆహారంతో పాటు వేర్లకూ చిగుళ్లకూ చేరుతుంది. మొక్క తనకు కావలసిన కొన్ని అమైనో ఆమ్లాలను తయారు చేసుకునే దారిని అది మూసివేస్తుంది కనుక తర్వాత వచ్చే చిగురు సన్నగా, పాలిపోయి వస్తుంది. రెండేళ్ల జామకు బెరడు ఇంకా ముదరదు. కాబట్టి ఆ ఎకరంలో ఈ ఏడాది ఏ గడ్డి మందూ కొట్టకండి. పాదుల్లో చేతితో కలుపు తీయించి, జానెడు మందాన వరిగడ్డి పరచండి. గడ్డిని కాండానికి మాత్రం తగలనీయకూడదు, ఎందుకంటే ఎర్ర చెల్కలో చెదలు దాని కిందుగానే బెరడెక్కుతాయి. దెబ్బ తిన్న ఏడు మొక్కలను తొందరపడి పీకేయక, వంకర కొమ్మలు కత్తిరించి నీరు సరిగ్గా ఇచ్చి చూడండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు (మందులు కొట్టే పనికి లైసెన్సు ఉన్నవారు) తప్ప ఇతరులు వాడకూడదు. ఆ మందును తట్టుకునే, అనుమతి లేని పత్తి విత్తనాల వ్యవహారంలో మన రాష్ట్రం 2018లోనే దానిపై ఆంక్షలు పెట్టింది. అందువల్ల ఆ డబ్బాను మీ చేతిలో పెట్టి పంపడమే తప్పు.

2,4-డి విషయంలో నా అభిప్రాయం మరింత గట్టిది. వెడల్పాకు కలుపును చంపడానికి మొక్కజొన్న, చెరకు వంటి పైర్లలో దానిని వాడతారు. గరికను అది ఏమీ చేయదు. పత్తి మాత్రం దానికి ఎంత సున్నితమంటే, గాలికి కొట్టుకొచ్చిన తుంపర పడినా ఆకు రూపు మారిపోతుంది. ఈస్టర్ రకమైతే కొట్టిన తర్వాత కూడా ఎండకు ఆవిరై పక్క చేను మీదికి పోతుంది. గట్టు అవతల పత్తి ఉన్నంతకాలం ఆ మందు మీ తోటకు తగదు.

ఇక తుంగ. దానిని గడ్డి అని పిలుస్తాము గాని అది గడ్డి జాతి కాదు. ఊద వంటి గడ్డి విత్తనం నుంచి మొలిస్తే, తుంగ నేలలో గొలుసులా అల్లుకున్న గడ్డల నుంచి లేస్తుంది. ఒక మొక్కను మట్టితో సహా పెళ్లగించి నీళ్లలో కడిగి చూడండి, నల్లటి గడ్డలు దారానికి గుచ్చినట్లు ఒకదాని వెంట ఒకటి కనబడతాయి. మొలకెత్తిన గడ్డకు మాత్రమే మందు చేరుతుంది, నిద్రాణంగా ఉన్న గడ్డకు చేరదు. అందుకే ఒక్కసారి కొట్టి తుంగను వదిలించుకున్నవారిని నేను చూడలేదు. మోకాళ్ల దాకా పెరిగిన ముదురు గడ్డి మీద, పైగా సున్నం ఎక్కువున్న బోరు నీటితో కొట్టారు కనుక పోయిన ఏడాది మీకు సగం ఫలితమే దక్కింది. నీటిలోని కాల్షియం గ్లైఫోసేట్‌ను పట్టేస్తుంది. మట్టి కలిసిన నీరూ, దుమ్ము పట్టిన ఆకూ అంతే. తుంగకు పేరుపడిన హాలోసల్ఫ్యూరాన్‌కు మన దేశంలో చెరకు, మొక్కజొన్న వంటి పైర్లలో అనుమతి ఉంది గాని, తోటల కోసమని దాని లేబుల్ మీద లేదు.

లేబుల్ మాట ఎందుకంటున్నానంటే, తోటలకు రాసి ఉన్న కలుపు మందులు మన దేశంలో చాలా తక్కువ. డైయూరాన్‌కు బత్తాయి, ద్రాక్షలో అనుమతి ఉంది. అయితే అది నేలలో నెలల తరబడి నిలిచే మందు కావడం వల్ల, సేంద్రియ పదార్థం తక్కువగా ఉండే మీ చెల్కలో వాన నీటితో కిందికి దిగి లేత వేర్లను తాకే ప్రమాదం ఉంది. పెండిమిథాలిన్ కలుపు మొలవకముందు, తడి నేల మీద కొట్టవలసినది. మొలిచిన గడ్డిని గాని, తుంగ గడ్డలను గాని, గరిక వేళ్లను గాని అది ముట్టదు. గ్లూఫోసినేట్ అమ్మోనియం తాకిన పచ్చదనాన్నే ప్రధానంగా చంపి, వేర్లలోకి పెద్దగా దిగదు కనుక, బెరడు ముదిరిన చెట్ల కింద గ్లైఫోసేట్ కంటే ప్రమాదం తక్కువ. దానికి మంచి ఎండ కావాలి, కలుపు బెత్తెడు ఎత్తులో ఉండాలి, కొట్టాక కనీసం ఆరు గంటలు వాన పడకూడదు. అయితే దాని అనుమతి తేయాకు, పత్తి పైర్ల పేరిట ఉంది, మామిడి పేరిట లేదు. కాబట్టి మండల ఉద్యాన అధికారిని గాని, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాన్ని గాని అడిగి, వారు సరేనన్న తర్వాతే నాజిల్‌కు హుడ్ (తుంపర ఎగరకుండా ఆపే మూత) తగిలించి, నేలకు దగ్గరగా పట్టి కొట్టించండి. పారాక్వాట్ అనే గడ్డి మందును మాత్రం ఇంటికి తేవద్దని చేతులెత్తి మొక్కుతున్నాను. అది ఒంట్లోకి పోతే విరుగుడు లేదు.

సమాధానం: పాత రైతు, కేసముద్రం

పైన సార్ చెప్పిన 2,4-డి మాటకు నా అనుభవం ఒకటి జోడిస్తాను. కొన్నేళ్ల క్రితం యాసంగి మొక్కజొన్నలో ఆ మందు కొట్టి, పంపును రెండుసార్లు నీళ్లతో జాడించి పక్కన పెట్టాను. వానాకాలంలో అదే పంపుతో పత్తికి పురుగు మందు కొట్టాను. వారం తిరిగేసరికి, పంపు మొదటిసారి నింపి కొట్టిన నాలుగు సాళ్లలో పత్తి ఆకులు బెండాకుల్లా చీలి, కొసలు వేళ్లలా ముడుచుకున్నాయి. ఐదో సాలు నుంచి దెబ్బ తగ్గుతూ పోయింది. పైపులోనూ రబ్బరు వాషర్లలోనూ ఇంకిపోయి ఉన్న పిసరంత మందు చేసిన పని అది. ఆనాటి నుంచి గడ్డి మందుకు వేరే పంపు పెట్టుకొని, పిల్లలు సైతం గుర్తుపట్టేలా దానికి ఎర్ర రంగు పూశాను.

తమ్ముడూ, మూడెకరాలకు మూడు డబ్బాలు అన్న లెక్క కూడా సరైనది కాదు. లేబుల్ మీద ఎకరానికి ఇంత అని రాసేది నిజంగా మందు తడిపే నేలకు మాత్రమే. మీరు మొదళ్ల చుట్టూ కొట్టి, వరుసల నడుమ గడ్డిని మిషన్‌తో కోయిస్తే ఎంత నేల తడుస్తుందో కొలిచి చూడండి. నడిమి జాగాలో రోటవేటర్ మాత్రం పెట్టించకండి. అది గరికను ముక్కలు చేసి తోటంతా నాటిపెడుతుంది, పై వేళ్లనూ తెంపుతుంది. నేను నడుమ బొబ్బర్లు చల్లుతాను. అవి కమ్ముకున్న చోట గలిజేరుకు ఎండ అందదు.

ఉప్పు నీళ్లు కొడితే వయ్యారిభామ చస్తుందని మీకు ఎవరో ఒకరు తప్పక చెబుతారు. చచ్చే మాట నిజమే. బాటల పక్కన సరే గాని, తోటలో ఆ ఉప్పు చెట్టు వేళ్ల దగ్గరే ఉండిపోతుంది. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు చేతులకు తొడుగులు వేసుకొని పీకించండి. తొడుగులు లేకపోతే దద్దుర్లు లేస్తాయి.

ప్రశ్న వేసినవారు: చెల్క రైతు, నర్సంపేట

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పంపులో మంచినీళ్లు పోసి, పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న జాగాలో మామూలు నడకతో కొట్టి చూస్తే ఐదు లీటర్లు పట్టాయి, అంటే ఎకరానికి సుమారు 200 లీటర్లు. ఎనిమిది మీటర్ల ఎడంతో ఎకరానికి 63 చెట్లు వస్తాయి. మొదలు చుట్టూ ఒకటిన్నర మీటరు మేర కొడితే చెట్టుకు దాదాపు ఏడు చదరపు మీటర్లు. మూడెకరాలదీ కూడితే 1,300 చదరపు మీటర్ల పైచిలుకు తేలింది. అది ఎకరంలో మూడో వంతే! మూడు డబ్బాలు కొనవలసిన చోట ఒక డబ్బాలో మూడో వంతుతో, పదహారు లీటర్ల పంపులు సుమారు నాలుగింటితో పని అయిపోతుందన్నమాట. పోయిన ఏడాది ఎంత మందు నేలపాలు చేశానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తున్నది.

ఉద్యాన అధికారిని సోమవారం కలుస్తాను. తుంగకు ఎండాకాలంలో చేయగలిగినది ఏమైనా ఉంటే చెప్పగలరు.

సమాధానం: వ్యవసాయ పట్టభద్రుడు, జగిత్యాల

మీ లెక్క సరిగ్గా ఉంది. తుంగకు అసలు అదను ఎండాకాలమే. మామిడి కోత ముగిసి, వానలు ఇంకా పడని రోజుల్లో, నేల పూర్తిగా ఎండి ఉండగా, కొమ్మల నీడకు బయట వరుసల నడిమి జాగాను మాత్రమే నాగలితో లోతుగా తిప్పించండి. పైకి వచ్చిన గడ్డలు రోహిణి ఎండకు రెండు మూడు వారాలు మాడితే చాలావరకు చచ్చిపోతాయి. తడి నేలలో దున్నితే మాత్రం గొలుసు తెగి, ఒక్కొక్క గడ్డా ఒక్కొక్క మొక్క అవుతుంది. ఈ పని వరుసగా రెండు మూడేళ్లు చేయవలసి ఉంటుంది. మిగిలిన తుంగను వానాకాలంలో కోయిస్తూ ఉంటే గడ్డల్లో దాచుకున్న ఆహారం తరిగిపోతుంది.

గునుగు విషయంలో అమ్మగారి మాట వినండి. పడమటి గట్టు మీద దానిని వదిలివేసి, తోట లోపలిది మాత్రం మొలకలోనే తీయించండి. అయితే పూవు కింది భాగంలో నల్లటి నిగనిగలాడే గింజలు పైభాగం ఇంకా పూస్తుండగానే ముదురుతాయి కనుక, సద్దుల బతుకమ్మ మరునాడే ఆ గట్టు మీద మిషన్ పెట్టించండి.