ఇంట్లో సంగతి క్లాసులో నిలబెట్టి చదివించడం సబబేనా?

సీతమ్మధార అమ్మ:

మా అమ్మాయి ఇక్కడే విశాఖలో ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. కాలేజీ పేరు రాయను, ఎవర్నీ బజారుకీడ్చే ఉద్దేశం లేదు. తెలుగు క్లాసులో ఈసారి కుటుంబంలో ఎవరి పాత్ర ఏమిటన్న విషయం తీసుకుని గురజాడ 'దిద్దుబాటు', పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలు చెప్పారు. అంతవరకూ సంతోషమే. ఆ తర్వాత ఒక పని పెట్టారు. ఒక ఆదివారం మీ ఇంట్లో ఎవరు ఏ పని చేశారో, ఏ మాట ఎవరు తేల్చారో రెండు పేజీలు రాసి, క్లాసులో నిలబడి చదవాలి.

మాది రాసింది. అందులో ఒక వాక్యం ఇది: "నాన్న పేపరు చదవడానికి విప్పుతాడు. అమ్మ అదే పేపరు బీరకాయ తొక్కు వేసుకోవడానికి విప్పుతుంది." క్లాసంతా చప్పట్లట. నాలుగు రోజుల తర్వాత దాని స్నేహితురాలి తల్లి రైతు బజార్లో కనిపించి, "మీరసలు పేపరే చదవరటగా!" అంది నవ్వుతూ. బెండకాయలు ఏరుతున్నాను. ముదురువో లేతవో చూసుకోకుండానే సంచిలో వేసుకుని వచ్చేశాను.

కథ చెప్పండి, ప్రశ్నలడగండి, మార్కులెయ్యండి. మా వంటింటిని క్లాసులోకి ఎందుకు లాగాలి? ఇక్కడ టీచర్లూ, పిల్లలూ, మాలాంటి తల్లిదండ్రులూ అందరూ ఉంటారని అడుగుతున్నాను.

పాత బెంచీ:

మేడమ్, మీకు కష్టం కలిగింది, కాదనను. కానీ లెక్చరర్ చేసింది తప్పని కూడా అనలేను. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు సరే, ఆ గుట్టు దాస్తే లాభం ఎవరికో మాత్రం ఎవరూ చెప్పరు.

గురజాడనే తీసుకోండి. 'కన్యాశుల్కం' మొదటి ముద్రణ 1897లో వచ్చింది. దాని ముందుమాటలో ఒక లెక్క ఉంటుంది. మన విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1034. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ చంటిపిల్లల ఖరీదు 350 నుంచి 400 రూపాయలు. ఈ లెక్క విజయనగరం మహారాజావారు తీయించారు. గడపల లోపలికి తొంగిచూడకుండా ఆ అంకెలు వచ్చేవా? నాటకం ఆ తొంగిచూపులోంచే పుట్టింది. మీ అమ్మాయి పేపరు వాక్యం కూడా ఆ కోవలోదే. నిజం చెప్పాలంటే చాలా బాగా రాసింది.

ఉప్పుచేప:

బీరకాయ తొక్కు పారేస్తారేటండీ! నువ్వులేసి పచ్చడి చేసుకోక. ఈ చర్చలో నాకు కనిపించిన అసలు తప్పు ఇదొక్కటే.

సి షిఫ్టు:

పాత బెంచీ గారూ, ఆ 1034లో ఒక్కరి పేరైనా ఉందా? లేదు కదా. మావాడి కాగితం మీద వాడి పేరుంది, రోల్ నంబరుంది, ఆ వెనకాల నేనున్నాను.

మావాడిది వేరే కాలేజీ, వాళ్లకీ ఇలాంటిదే ఇచ్చారు. "నాన్న మధ్యాహ్నం రెండింటి దాకా పడుకున్నాడు. అమ్మ వంట చేసి, బట్టలుతికి, నాన్న లేచాక టీ పెట్టింది" అని రాశాడు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. శనివారం రాత్రి పదింటికి ప్లాంటులోకి వెళ్లాను. ఆదివారం పొద్దున్న ఆరింటికి దిగి, గాజువాక చేరి, స్నానం చేసి మంచమెక్కేసరికి ఎనిమిదైంది. ఆ ముక్క కాగితం మీద లేదు. వాడి తప్పు కాదు. 'ఒక రోజు' అని అడిగారు, వాడు ఆ రోజే రాశాడు. పొద్దున్న మొదలయ్యే రోజులో రాత్రి డ్యూటీ ఎక్కడ పడుతుంది? క్లాసులో ఎవడో "మీ నాన్న లుబ్ధావధాన్లురా" అన్నాడట. వాడికి 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లు పిసినారని కూడా తెలీదు, నేను బద్ధకస్తుణ్ని అన్న అర్థంలో అన్నాడు. అదీ వాళ్లు నేర్చుకున్న సాహిత్యం.

ఇది మా ఆవిడకి చదివి వినిపిస్తే, "షిఫ్టు లేని ఆదివారం మాత్రం లేస్తారా?" అంది. అది వేరే చర్చ.

జాలరిపేట కుర్రాడు:

నేను డిగ్రీ మూడో ఏడు. మాకూ ఈ కథలే చెప్పారు. 'ఇల్లలకగానే' నాకు నచ్చింది. ఇల్లు తుడిచీ తుడిచీ తన పేరే మర్చిపోయిన ఆవిడ కథ. కానీ మా అమ్మ పేరు హార్బరులో తెలియనివాళ్లు లేరు. తెల్లారకముందే వెళ్లి వేలంలో చేపలు పాడుకుని, తట్టెత్తుకుని అపార్ట్‌మెంట్ల వెంబడి తిరిగి అమ్ముతుంది. డబ్బంతా అమ్మ బొడ్డు సంచిలోనే ఉంటుంది. నాన్నకి బీడీలు కావాలన్నా అమ్మనే అడగాలి.

ఈ మాట క్లాసులో చెప్తే, "అయితే మీ ఇంట్లో సమానత్వం ఉందన్నమాట" అన్నారు సారు. లేదు సార్ అన్నాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. నాన్న ఆ రెండు నెలలూ ఒడ్డునే ఉంటాడు, వల బాగుచేసుకుంటాడు, పేకాడతాడు. అమ్మ మధ్యాహ్నం మూడింటికి తట్ట దించి పొయ్యి వెలిగిస్తుంది, అప్పుడు కూడా. డబ్బు చేతిలో ఉంటే చాలు, ఆడమనిషిదే పెత్తనం అని సారు ఎక్కడ చదివారో.

ఇంకోటి. 'దిద్దుబాటు'లో గోపాలరావు సానిపాట చూసి అర్ధరాత్రి ఇంటికొస్తాడు. ఉత్తరం రాసిపెట్టి కమలిని వెళ్లిపోయిందనుకుని గుండె బాదుకుంటాడు. ఆఖర్న ఆవిడ మంచం కిందనుంచి నవ్వుతుంది. అందరూ కమలిని గురించీ గోపాలరావు గురించీ రాశారు. ఆ ఇంట్లో రాముడున్నాడు కదా, పడుకున్నవాడు లేచి అయ్యగారి చీవాట్లు తినేవాడు. మాది రాముడి ఇల్లు. రాముడి పెళ్లాం ఎక్కడుంటుందో కథలో లేదు. కథలో లేని ఇల్లు నన్ను రాయమంటే ఎక్కణ్నుంచి మొదలెట్టాలి?

మన ఊళ్లోనే బడిపంతులుగా పనిచేసిన కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) 'యజ్ఞం' మాత్రం నా అంతట నేనే లైబ్రరీలో చదివాను. 1964 నాటి కథ. అప్పు పెద్దలది, తీర్చాల్సింది పిల్లలు. కొడుకు పాలేరు కాకూడదని సీతారాముడు ఆ పసివాణ్ని నరికి పంచాయితీ ముందుకు తెస్తాడు. అది చదివిన రాత్రి మా పడవ మీద అప్పు ఎంతుందని నాన్నని అడిగాను. చెప్పలేదు. అమ్మ చెప్పింది. ఆ అంకె నేను క్లాసులో నిలబడి చదవను, ఎన్ని మార్కులేసినా సరే.

చాక్‌పీసు:

పదకొండేళ్లుగా డిగ్రీ పిల్లలకి తెలుగు చెబుతున్నాను. సీతమ్మధార అమ్మగారు అన్న లెక్చరర్ని నేను కాదు. కానీ మూడేళ్ల కిందట నేనూ అచ్చం ఆ పనే చేశాను కాబట్టి ఒప్పుకోవాలి.

ఒకమ్మాయి చాలా ముచ్చటగా రాసింది. ఆదివారం నాన్న దోసెలు పోస్తాడు, మొదటి దోసె మాడుతుంది, అది తనే తింటాడు, అమ్మ కుర్చీలో కూర్చుని వెక్కిరిస్తుంది. క్లాసంతా నవ్వారు, నేనూ నవ్వాను, పదికి తొమ్మిది వేశాను. వారం తర్వాత ఆ అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, "మేడమ్, అది మా పక్కింటివాళ్లది" అంది. అంతే, వెళ్లిపోయింది. నేను ఏమీ అడగలేదు. అడిగేందుకు నాకేం హక్కుంది?

అప్పటినుంచి ఇంటి గురించి రాయమనడం మానేశాను. ఇప్పుడు 'కన్యాశుల్కం'లో ఒక్క చోట ఆగుతాను. అగ్నిహోత్రావధాన్లు తన కూతురు సుబ్బిని 1800 రూపాయలకి ముసలి లుబ్ధావధాన్లుకి ఖాయం చేస్తాడు. సుబ్బి తల్లి వెంకమ్మ నూతిలో పడుతుంది. బయటికి తీస్తారు, బతుకుతుంది. అగ్నిహోత్రావధాన్లు తిట్లకీ చిందులకీ ఆ రంగమంతా పిల్లలు నవ్వుతూనే ఉంటారు. నవ్వు అయ్యాక చెబుతాను: ఆ రాత్రి ఆ ఇంట్లో భోజనాలు ఎలా జరిగాయో రాయండి. ఎవరు వండారు అని కూడా అనను.

పోయినేడు ఒక కుర్రాడు ఆరే లైన్లు రాశాడు. చివరి లైను: "వడ్డిస్తుంటే ఆవిడ కొంగు ఇంకా తడిగానే ఉంది." అందరి ముందూ చదివించలేదు. మార్కు వేసి ఇచ్చేశాను. వాడు ఎవరి కొంగు చూసి రాశాడో వాడికి తెలుసు, చాలు. జాలరిపేట తమ్ముడూ, రాముడి పెళ్లాం మాట నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. ఈసారి అదే ఇస్తాను.

పాత బెంచీ:

మేడమ్, మీ పద్ధతి సున్నితంగా ఉంది, కానీ అందులో తప్పించుకునే దారి కూడా ఉంది. వెంకమ్మ అనగానే పిల్లలు "ఆ రోజుల్లో అలా ఉండేది" అని పుస్తకం మూసేస్తారు. అప్పుడు ఆడపిల్ల తండ్రి పుచ్చుకునేవాడు, ఇప్పుడు ఇచ్చుకుంటున్నాడు. కట్నం నిషేధం చట్టం వచ్చింది 1961లో. పెళ్లిచూపుల్లో ఆ సంవత్సరం ఎవరికైనా గుర్తొస్తుందా?

నా సంగతే చెబుతాను, పేరు లేదు కదా. 'దిద్దుబాటు' మీద వ్యాసానికి నాకు డిగ్రీలో 15కి 13 వచ్చాయి. కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది. అయినా పెందుర్తి దగ్గర మా స్థలం రాసుకునే రోజు "దానికి పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదా" అని నాన్న అన్నాడు, అక్క తలూపింది. ఆ కాగితం అక్కకి చదివి వినిపించింది నేను. సంతకం ఎక్కడ పెట్టాలో వేలుపెట్టి చూపించిందీ నేనే. ఏ లెక్చరరైనా నన్ను ఇరవయ్యేళ్లప్పుడు మా ఇంటి గురించి నిలబెట్టి చదివించి ఉంటే, ఆ వేలు కాస్త తడబడేదేమో.

సి షిఫ్టు:

తడబడేది కాదు సార్. బాగా చదివి ఇంకో మార్కు తెచ్చుకునేవారు. ఆ స్థలం సంగతి క్లాసుకి ఎందుకు, ఇప్పుడు ఫోన్ తీసి అక్కకి చెప్పొచ్చుగా.

సీతమ్మధార అమ్మ:

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి ఈ చర్చంతా మా అమ్మాయికి చూపించాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చప్పట్లు కొడతారనుకోలేదమ్మా" అంది. నేనూ దాని దగ్గరున్న పుస్తకం తీసి 'ఇల్లలకగానే' మళ్లీ చదివాను. ఆ కథలో ఆవిడకి తన పేరు శారద అని చిన్నప్పటి స్నేహితురాలు గుర్తుచేస్తుంది. నాకంత అవస్థ లేదు, కరెంటు బిల్లు నా పేరు మీదే వస్తుంది. కట్టేదీ నేనే.

చాక్‌పీసు మేడమ్ చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. నిలబెట్టి చదివించడం తప్పేనని ఇప్పటికీ అంటాను. పాత బెంచీ బాబూ, మీ మాటకి నా దగ్గర జవాబు లేదు, కానీ దానికి మా అమ్మాయిని నిలబెట్టకండి.

ఉప్పుచేప గారూ, తొక్కు పారెయ్యలేదండీ, పచ్చడికే. ఆ సంగతి దానికీ తెలీదు, నిన్ననే చెప్పాను. ఇంకోటి కూడా చెప్పాను. పేపరు కింద పరుచుకుని బీరకాయ చెక్కేటప్పుడు నేను ఆ పేజీ చదువుతూనే ఉంటాను. తొక్కు పడ్డచోట పక్కకి జరిపి చదువుతాను. ఎడిటోరియల్ ఉన్న పేజీ కింద రాకుండా ముందే తీసి పక్కన పెడతాను, తడిస్తే అక్షరాలు కనపడవని.