రిమైండర్లు పెట్టినా కుర్చీలోంచి ఎవరూ లేవడం లేదు, ఏం మార్చాలి?

ప్రశ్న
60 మంది ఉన్న ఆఫీసు, అందరిదీ రోజంతా స్క్రీన్ ముందు పనే. అందరి కంప్యూటర్లలో విరామాలు గుర్తుచేసే స్ట్రెచ్లీ యాప్ వేయించాం, సెట్టింగులేవీ ముట్టుకోలేదు. కొద్దిరోజులకే చాలామంది తీసేశారు. వచ్చే నెల స్టెప్స్ పోటీ పెడదామంటున్నారు. రిమైండర్లు ఎలా సెట్ చేయాలి? పోటీ వల్ల ఉపయోగం ఉంటుందా?

జవాబు 1
తీసేయడంలో వాళ్ల తప్పేం లేదండి. స్ట్రెచ్లీ మామూలుగా 10 నిమిషాలకోసారి 20 సెకన్ల చిన్న విరామం, అరగంటకోసారి 5 నిమిషాల పెద్ద విరామం ఇస్తుంది. అంత తరచుగా వస్తే చదవకుండానే మూసేయడం అలవాటైపోతుంది. ప్రిఫరెన్సెస్‌లో ఆ 10ని 20 చేయండి. రెండు చిన్న విరామాల తర్వాత పెద్దది వస్తుంది కాబట్టి అదీ గంటకోసారికి మారిపోతుంది. దాని నిడివి 3 నిమిషాలకు తగ్గించండి. చిన్న విరామం కళ్లకు: 20 అడుగుల అవతల ఉన్న దేన్నైనా 20 సెకన్లు చూడాలి. పెద్దది లేచి నడవడానికి.

స్ట్రిక్ట్ మోడ్ మాత్రం వద్దు. అందులో విరామాన్ని మధ్యలో ముగించే వీలుండదు, దాంతో ఏకంగా అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తారు. కాల్స్‌లో, ప్రెజెంటేషన్లలో ఉన్నప్పుడు కంప్యూటర్‌ని డు నాట్ డిస్టర్బ్‌లో పెట్టుకోమనండి. ఆ మోడ్‌లోనూ విరామాలు చూపించే ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఆపేయండి.

జవాబు 2
ముందు క్యాలెండర్ చూడండి. మీటింగ్ వెంట మీటింగ్ ఉంటే ఏ యాప్ చెప్పినా లేవలేరు. గూగుల్ క్యాలెండర్ సెట్టింగుల్లో స్పీడీ మీటింగ్స్ ఆన్ చేస్తే 30 నిమిషాలది 25కి, గంటది 50కి తగ్గుతుంది. అవుట్‌లుక్‌లోనూ మీటింగులను కాస్త ముందే ముగించే సెట్టింగ్ ఉంది. అయితే ఇది కొత్తగా పెట్టే మీటింగులకే. ప్రతివారం జరిగే పాతవాటిని ఒక్కొక్కటే తెరిచి సమయం మార్చుకోవాలి. చాలాచోట్ల ఈ పని చేయకే ఫలితం కనిపించదు.

జవాబు 3
స్టెప్స్ పోటీ గురించి. రోజుకు 10,000 అడుగులు నడవాలన్నది వైద్య పరిశోధనలో తేలిన లెక్క కాదు, 1965లో జపాన్‌లో అమ్మిన ఒక పెడోమీటర్ (అడుగులు లెక్కించే పరికరం) పేరు నుంచి వచ్చింది. ర్యాంకుల పట్టిక పెడితే ముందునుంచీ నడిచేవాళ్లే గెలుస్తారు, మిగతావాళ్లు మొదటి వారంలోనే వదిలేస్తారు. పైగా టేబుల్ మీద వదిలేసిన ఫోన్ అడుగులు లెక్కించదు, చేత్తో ఊపిన ఫోన్ లెక్కిస్తుంది.

అడుగుల బదులు నిమిషాలు లెక్కపెట్టండి. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. నిమిషాలైతే సైకిల్ తొక్కేవాళ్లు, ఈత కొట్టేవాళ్లు, వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లూ పాల్గొనగలరు. మొదటి వారం ఊరికే నమోదు చేయించండి. తర్వాత ఎవరి సగటు మీద వాళ్లు వారానికి 20 నిమిషాలు పెంచుకుంటే చాలు.

ప్రశ్న అడిగినవారు
నిమిషాల లెక్క బాగుంది. ఆ వివరాలు మేనేజర్లకు పంపాలా?

జవాబు 3
వద్దండి. అప్రైజల్‌లో వాడతారన్న అనుమానం వస్తే ఎవరూ నిజం రాయరు. బరువు, నిద్ర, గుండె వేగం అసలు అడగకండి. వారానికి ఒక్క అంకె, అదీ ఇష్టమున్నవాళ్ల నుంచే తీసుకోండి. బయటికి మొత్తం ఆఫీసు సగటు మాత్రమే చెప్పండి. నలుగురైదుగురున్న టీమ్ సగటు విడిగా వేస్తే ఎవరిది ఎంతో ఇట్టే తెలిసిపోతుంది.