ఏ బాధా లేనివాళ్లకు ఏటా లివర్ టెస్టు అవసరమా?

పాత_సైకిల్:
నాకు 41 ఏళ్లు. ఏ బాధా లేదు. హెల్త్ చెకప్‌లో ఎల్‌ఎఫ్‌టీ (లివర్ ఫంక్షన్ టెస్టు) కూడా కలిపి చేశారు. అందులో ఉండే రెండు ఎంజైములు, ఎస్‌జీఓటీ 71, ఎస్‌జీపీటీ 62. ల్యాబు వేసిన హద్దు 40. రెండు అంకెలూ ఎర్రగా అచ్చయి వచ్చాయి. మందు ముట్టనివాణ్ణి, అయినా ఇంట్లో అందరి చూపూ మారిపోయింది. తీరా డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "టెస్టుకు ముందు బరువులేమైనా ఎత్తారా?" అని. ముందు రోజే జిమ్‌లో చేరాను! రెండు వారాలు మానేసి మళ్లీ చేయిస్తే ఎస్‌జీఓటీ 30, ఎస్‌జీపీటీ 36. బాధ లేనప్పుడు ఈ టెస్టు జోలికి పోకూడదని నా వాదన. కోరి టెన్షన్ తెచ్చుకోవడమే. మీరేమంటారు?

ల్యాబు_గాజు:
నేను ల్యాబులోనే పనిచేస్తాను. అసలు తిరకాసంతా పేరులో ఉందండీ. లివర్ ఫంక్షన్ టెస్టు అంటాం గానీ ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ పనితీరును కొలవవు. అవి కణాల లోపల ఉండే ఎంజైములు. కణం దెబ్బతింటే రక్తంలోకి కారతాయి, అంతే. లివర్ తన పని తాను చేస్తోందా అన్నది అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్), ప్రోత్రాంబిన్ టైమ్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) చూస్తే తెలుస్తుంది. అల్బుమిన్‌నూ, రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లలో చాలావాటినీ తయారుచేసేది లివరే కాబట్టి. కొంతవరకు బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) కూడా చెబుతుంది. (బిలిరుబిన్ ఒక్కటే, అదీ ఇండైరెక్ట్ భాగం కాస్త పెరిగి కనిపిస్తే చాలాసార్లు అది గిల్బర్ట్ సిండ్రోమ్. పుట్టుకతో వచ్చేది, హాని చేయదు. ఉపవాసం ఉంటే ఇంకాస్త పెరుగుతుంది.)

ఎస్‌జీఓటీ కండరాల్లో, గుండెలో, ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంటుంది. 1950లలో డాక్టర్లు దాన్ని మొదట వాడింది గుండెపోటును పసిగట్టడానికే. మీకు ఎస్‌జీపీటీ కన్నా ఎస్‌జీఓటీ ఎక్కువ వచ్చింది చూడండి, బరువులెత్తిన కండరం అలాగే చేస్తుంది. సీకే (కండరం దెబ్బతింటే పెరిగే ఎంజైము) టెస్టు కూడా చేసి ఉంటే అప్పుడే తేలిపోయేది. మద్యం వల్ల దెబ్బతిన్న లివర్‌లోనూ ఎస్‌జీఓటీయే ఎక్కువ, తరచూ రెండింతలు దాటుతుంది. మీ ఇంట్లోవాళ్లు ఎక్కడో చదివే ఉంటారు!

నిద్రరాని_రాత్రి:
పాత సైకిల్ గారూ, మీతో ఒప్పుకోలేను. మా అన్నయ్యకూ ఏ బాధా లేదు. ఎస్‌జీపీటీ 80 వచ్చిందని తవ్వితే హెపటైటిస్ బీ బయటపడింది. ఇప్పుడు మందులు వాడుతున్నాడు, బాగున్నాడు. లివర్ జబ్బు చాలాకాలం చప్పుడు చేయదండీ. కళ్లు పచ్చబడి, పొట్టలో నీరు చేరాక తెలుసుకుని ఏం లాభం?

కాగితం_పులి:
మీ అన్నయ్య బాగున్నారు, సంతోషం. కానీ జబ్బును పట్టించింది హెపటైటిస్ బీ టెస్టు, ఎల్‌ఎఫ్‌టీ కాదు. ఆ వైరస్ ఉన్నవాళ్లలో చాలామందికి ఎస్‌జీపీటీ హద్దులోనే ఉంటుంది. అలా ఉండి ఉంటే "అంతా నార్మల్" అని ఇంటికి పంపేసేవారు. మా మామయ్య సంగతి అదే. ఎస్‌జీపీటీ 34 చూసి అందరం నిశ్చింతగా ఉన్నాం. అప్పటికే సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలుపడి గట్టిపడిపోయింది. అలాంటప్పుడు ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. ప్లేట్‌లెట్లు 90 వేలకు పడిపోయాయని పక్క కాగితంలోనే ఉంది, ఎవరూ చూడలేదు.

ఇంకోటి. నార్మల్ హద్దును మామూలుగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఇమిడేలా గీస్తారు. అంటే ఏ జబ్బూ లేకపోయినా వందలో ఐదుగురు హద్దు బయటే. ఎనిమిది టెస్టులు ఒకేసారి చేస్తే, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుంటే, మూడోవంతు మందికి ఏదో ఒకటి ఎర్రగా వస్తుంది.

ల్యాబు_గాజు:
సంబంధం ఉంటుందిగా, కాబట్టి మూడోవంతు దాకా రాదు. విషయం మాత్రం నిజమే. ఆ హద్దు మీదా గొడవ ఉంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2017లో ఎస్‌జీపీటీ పై హద్దు మగవారికి 29 నుంచి 33, ఆడవారికి 19 నుంచి 25 అంది. మా ల్యాబులో ఇప్పటికీ 40 అనే వేస్తున్నాం.

పాత_సైకిల్:
అంటే నా 36 కూడా ఎక్కువేనా? మళ్లీ నిద్ర పాడుచేశారు కదండీ.

నిద్రరాని_రాత్రి:
సరే, అందరికీ ఏటా అక్కర్లేదు, ఒప్పుకుంటాను. షుగరు, ఊబకాయం, మద్యం ఉన్నవాళ్ల సంగతేంటి? లివర్‌ను దెబ్బతీయగల టీబీ మందులో, కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేటో వాడేవాళ్ల సంగతి?

కాగితం_పులి:
వాళ్లకు కావాలి, అందులో వాదన లేదు. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్లు వాడేవాళ్లకు మాత్రం ఊరికే మాటిమాటికీ అక్కర్లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లోనే చెప్పింది. మిగతావాళ్లు ఏటా ఎల్‌ఎఫ్‌టీ చేయించే బదులు జీవితంలో ఒక్కసారి హెపటైటిస్ బీ, సీ టెస్టులు చేయించుకోవడం మేలు.

ల్యాబు_గాజు:
పాత సైకిల్ గారూ, కంగారు పడకండి. ఫిబ్-4 అని ఒక లెక్క ఉంది, లివర్ గట్టిపడే అవకాశం ఎంతో అంచనా వేయడానికి. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. వచ్చినదాన్ని ప్లేట్‌లెట్లు (వేలల్లో), ఎస్‌జీపీటీ వర్గమూలం, ఈ రెండింటి లబ్ధంతో భాగించండి. 1.3 లోపు వస్తే ఆ అవకాశం తక్కువ. 35 ఏళ్ల లోపువాళ్లకు ఇది సరిగా పనిచేయదు. 65 దాటితే హద్దు 2. డాక్టరుగారికీ ఒకసారి చూపించండి.

పాత_సైకిల్:
ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. 41 × 30 = 1230. కింద 240 × 6 = 1440. వెరసి 0.85. హమ్మయ్య. సోమవారం నుంచి మళ్లీ జిమ్. వచ్చే ఏడాది టెస్టుకు మాత్రం వారం ముందే మానేస్తా.

కాగితం_పులి:
వచ్చే ఏడాది టెస్టా? దాని జోలికే పోకూడదన్నది మీరే కదండీ!