కృతజ్ఞత మీద స్పీచ్ ఇస్తే దానికి ఎవాల్యుయేషన్ చేయాలా, వద్దా?

మైకు_ముందు:
టోస్ట్‌మాస్టర్స్‌కి (నలుగురిలో మాట్లాడటం నేర్చుకునే క్లబ్బులు) వెళ్ళేవాళ్ళే కాదు, స్టేజీ ఎక్కే అలవాటున్న ఎవరైనా చెప్పండి. మాది హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో నడిచే క్లబ్బు. మొన్నామధ్య మీటింగ్‌కి కృతజ్ఞత అని థీమ్ పెట్టారు, టేబుల్ టాపిక్స్ (అప్పటికప్పుడు ఇచ్చిన ప్రశ్నకి లేచి మాట్లాడటం) అన్నీ దాని మీదే. ఒక కొత్త కుర్రాడు ప్రిపేర్డ్ స్పీచ్ ఇచ్చాడు, ఇంటర్ చదివేటప్పుడు తన ఫీజు కట్టిన పక్కింటావిడ గురించి. సగంలో గొంతు పూడుకుపోయింది, 7 నిమిషాల్లో అయిపోవాల్సింది 9 దాటింది, టైమ్ చూసే మెంబరు (టైమర్) టైమ్ అయిందని ఎర్ర కార్డు ఎత్తి మళ్ళీ దించేసింది. తర్వాత ఎవాల్యుయేటర్, అంటే స్పీచ్ ఎలా ఉందో అందరి ముందు చెప్పాల్సిన మెంబరు, లేచి "ఇది మనసులోంచి వచ్చింది, దీన్ని నేను ఎవాల్యుయేట్ చేయను" అనేసి అందరితో చప్పట్లు కొట్టించి కూర్చున్నారు. హాల్లో చాలామందికి అది గొప్పగా అనిపించింది. నాకు మాత్రం ఆ అబ్బాయికి అన్యాయం జరిగిందనిపించింది. ఫీడ్‌బ్యాక్ కోసమే కదా అతను వారాల తరబడి ప్రిపేర్ అయి వచ్చింది, మిగతా స్పీకర్లందరికీ దక్కిన ఆ రెండు మూడు నిమిషాలు ఇతనికి ఎందుకు దక్కలేదు?

గోదారి_గట్టు:
నేను ఒప్పుకోనండి. మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుని దిగాక "ఐ కాంటాక్ట్ బాగుంది, చేతులు ఇంకొంచెం కదపాల్సింది, పదకొండు సార్లు అఁ అన్నారు" అని చెప్పడం ఏం మర్యాద? ఏ మాట ఎప్పుడు అనాలో తెలియడం కూడా మాట్లాడటంలో భాగమే. ఆ ఎవాల్యుయేటర్ ఎవరో గానీ నా ఓటు వాళ్ళకే.

టైమర్_పాప:
టైమర్ రోల్ నేను చాలాసార్లు చేశాను కాబట్టి ఆ అమ్మాయి పరిస్థితి అర్థమవుతోంది. 5 నుంచి 7 నిమిషాల స్పీచ్ అంటే 5కి ఆకుపచ్చ, 6కి పసుపు, 7కి ఎరుపు, ఆ పైన ఇంకో 30 సెకన్లు. కాంటెస్ట్ అయితే 7:30 దాటితే డిస్‌క్వాలిఫై, నాలుగున్నర కన్నా ముందే ముగించినా అంతే. మామూలు మీటింగ్‌లో అంత కఠినంగా ఎవరూ ఉండరు, మధ్యలో ఆపేయరు కూడా. కానీ కార్డు చూపించడం మాత్రం మానకూడదు, ఎందుకంటే అతని తర్వాత ఇంకో స్పీకర్ ఉంటారు, వాళ్ళు కూడా ఎవరికో థ్యాంక్స్ చెప్పుకోవడానికే వచ్చి ఉంటారు, ఈ రెండు నిమిషాలూ వాళ్ళ దగ్గరే కదా కోసేది.

సిద్దిపేట_సాయంత్రం:
అసలు థీమే తప్పంటా నేను. మా క్లబ్బుల గూడ గిట్లనే పెట్టిండ్రు. మేనేజర్ ముందటి లైన్ల కూసున్నడు, టేబుల్ టాపిక్స్‌ల "నువ్వు ఎవరికి రుణపడి ఉన్నవ్" అని అడిగిండ్రు. ఒక్కొక్కలు లేవుడు, మా మేనేజర్‌కి థ్యాంక్స్, మా టీమ్‌కి థ్యాంక్స్. రెండు నిమిషాల టైమ్ ఉంటది, ఆలోచించుకునే సందు ఉండదు, ఎదురుంగ అప్రైజల్ రాసే మనిషి ఉన్నడు, ఇంకేమంటరు చెప్పున్రి. థీమ్ పెట్టుడే అయితే "ఈ హాల్‌ల లేని మనిషి గురించి చెప్పు, నీతోని జీతం సంబంధం లేని మనిషి గురించి చెప్పు" అని అడగాలె.

మైకు_ముందు:
@సిద్దిపేట_సాయంత్రం అన్నా, మీరన్నది వందకి వంద కరెక్ట్, ఆ ప్రశ్న మా వాళ్ళకి తప్పకుండా చెప్తా.

డల్లాస్_తెలుగమ్మాయి:
ఇక్కడ థ్యాంక్స్‌గివింగ్ నవంబర్ నాలుగో గురువారం కాబట్టి ఆ నెలంతా క్లబ్బుల్లో ఇదే థీమ్ నడుస్తుంది. నేను @గోదారి_గట్టు గారి పక్షం. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అని ఇద్దరు చేసిన రీసెర్చ్ ఒకటుంది. మనుషులతో తమకి మేలు చేసినవాళ్ళకి ఉత్తరాలు రాయించి, అందుకున్నవాళ్ళకి ఎలా ఉంటుందనుకుంటున్నారో ముందే అడిగారు. రాసినవాళ్ళేమో మాటలు సరిగ్గా కుదిరాయో లేదో, అవతలివాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందేమో అనుకున్నారు. అందుకున్నవాళ్ళు మాత్రం వీళ్ళు ఊహించినదానికంటే ఎక్కువ సంతోషపడ్డారు, అంత ఇబ్బందీ పడలేదు. అంటే కృతజ్ఞతలో చూసేది ఆప్యాయతని, పనితనాన్ని కాదు. పనితనం గురించి భయపడే చాలామంది చెప్పకుండా ఉండిపోతారు. వాళ్ళని ఇంకా భయపెట్టాలా మనం?

మైకు_ముందు:
మంచి విషయం చెప్పారండి, కానీ అది నా వాదనకే బలం అనిపిస్తోంది. ఆ ఉత్తరం అందుకున్న మనిషికి అసలు కథంతా ముందే తెలుసు, తను ఏం చేసిందో తనకి గుర్తుంది, అందుకని రెండు వంకర వాక్యాలు చాలు. మా హాల్లో ఆ పక్కింటావిడ లేదు. అక్కడున్నది ఆవిడ ఎవరో తెలియని ఇరవై ముప్పై మంది. తొమ్మిది నిమిషాలయ్యాక మా అందరికీ ఆ అబ్బాయి ఎంత కదిలిపోయాడో తెలిసింది గానీ ఆవిడ గురించి ఏం తెలిసింది? ఏం పని చేసేది, ఆ డబ్బు ఆవిడకి ఎక్కడిది, ఇస్తూ ఏమంది, తిరిగి అడిగిందా, ఒక్కటీ రాలేదు. పేరు కూడా చిట్టచివర వచ్చింది. ఎవాల్యుయేటర్ చెప్పాల్సింది చేతులు కదపమని కాదు, "ఆవిడ మాకు ఇంకా కనపడలేదు బాబూ, చూపించు" అని. నిజంగా మనసు పెట్టి వినేవాళ్ళు అడిగే మాటే అది, దాన్ని మర్యాద తక్కువ అని ఎలా అంటాం?

రిటైర్డ్_తెలుగు_మాస్టారు:
నేను మీ క్లబ్బుల మనిషిని కాను గానీ నలభై ఏళ్ళు బడి సభల్లో ఉన్నాను కాబట్టి ఒక మాట. మన సభల్లో వందన సమర్పణ ఎప్పుడు? చిట్టచివర, సగం కుర్చీలు ఖాళీ అయ్యాక. ఎవరికి అప్పజెబుతాం? అందరిలోకి చిన్నవాడికి. వాడు కాగితం తీసి అధ్యక్షుల వారికి, ముఖ్య అతిథి గారికి, మైకు సెట్టు వారికి, షామియానా వారికి అని పెళ్ళిలో చదివింపుల పట్టీ చదివినట్టు చదువుతాడు. ఎవరి పేరు పోయిందో వాళ్ళు అలుగుతారు. ఇన్నేళ్ళలో ఆ ఉపన్యాసం ఎలా చేయాలో ఒక్క పిల్లవాడికైనా నేర్పించామా? అది చాలా కష్టమైన ఉపన్యాసం నాయనా. ఒక మనిషి, ఒక పని, అది జరిగిన రోజు, అంతవరకే చెప్పి దిగమంటే పెద్దపెద్ద వక్తలే తడబడతారు. స్మెడ్లీ అనే ఆయన 1924లో కాలిఫోర్నియాలో మీ సంస్థ మొదలుపెట్టింది మామూలు మనుషులకి నలుగురిలో మాట్లాడటం నేర్పడానికే అని విన్నాను. అలాంటి చోట కూడా నేర్పకపోతే ఇంక ఎక్కడ నేర్పుతారు?

గోదారి_గట్టు:
మాస్టారూ, మీ మాట కాదనను, నేర్పాల్సిందే. నా గొడవ ఎప్పుడు అనే దాని మీద. ఆ నిమిషంలోనే, అందరి ముందే ఎందుకు? ప్రతి స్పీచ్ ప్రాజెక్టుకీ ఎవాల్యుయేషన్ ఫారం ఉంటుంది కదా, అందులో వివరంగా రాసి ఇవ్వండి, టీ తాగేటప్పుడు పక్కకి పిలిచి చెప్పండి. ఆ కుర్రాడికి ఆ రోజు గుర్తుండాల్సింది చప్పట్లే అని నా అభిప్రాయం.

మైకు_ముందు:
రాసి ఇవ్వడం మంచిదే, అది ఎలాగూ ఇవ్వాలి. కానీ అందరి ముందు ఆపేస్తే రెండు నష్టాలు. ఎవాల్యుయేషన్ వినేది స్పీకర్ ఒక్కడే కాదు, వచ్చే వారం మాట్లాడబోయేవాళ్ళు కూడా దాన్నుంచే నేర్చుకుంటారు. రెండోది, నన్ను ఎక్కువ బాధపెట్టేది, మ్యూచువల్ ఫండ్స్ గురించి మాట్లాడినవాళ్ళకి నేర్చుకోవడానికి నాలుగు పాయింట్లు దొరుకుతాయి, సొంత జీవితం గురించి మాట్లాడినవాళ్ళకి చప్పట్లు తప్ప ఏమీ దొరకవు, అలా కొన్నాళ్ళు నడిస్తే ఏడిస్తే విమర్శ ఉండదని అందరికీ అర్థమైపోతుంది. అప్పుడు నిజంగా ఏడ్చినవాడిని కూడా అనుమానంగా చూస్తారు. ఇంకోటి, అతను ఆ స్పీచ్‌ని ఎప్పటికైనా ఆవిడ ముందు ఇవ్వాలనుకుంటున్నానని టీ దగ్గర నాతో అన్నాడు. అందుకైనా గట్టి ఫీడ్‌బ్యాక్ కావాలి కదండీ.

డల్లాస్_తెలుగమ్మాయి:
ఆవిడ ముందే ఇస్తాడంటే మాత్రం తప్పకుండా ప్రోత్సహించండి. సెలిగ్‌మన్ అనే సైకాలజిస్ట్ వాళ్ళు 2005లో ఇలాగే ఉత్తరం రాసి స్వయంగా తీసుకెళ్ళి ఇమ్మన్నారు. ఇచ్చినవాళ్ళలో ఆ సంతోషం ఒక నెల వరకు కనిపించింది, మూడు నెలలకి మామూలైపోయారు. క్లబ్బులో ఏడాదికోసారి థీమ్ పెట్టి వదిలేస్తే మిగిలేది అంతే అని నాకూ అనిపిస్తుంది. ఎవాల్యుయేషన్ విషయంలో మాత్రం ఇప్పటికీ గోదారి గారితోనే ఉన్నాను, ముందు స్పీకర్‌నే అడగండి, ఈ రోజు వినగలవా అని.

సిద్దిపేట_సాయంత్రం:
అడుగుడు మంచిగనే ఉంది, కానీ స్పీచ్ అయినంక అడిగితే వద్దు అనే అంటడు. ముందే అడగాలె, ఎవాల్యుయేటర్ స్పీచ్‌కి ముందే స్పీకర్‌తోని మాట్లాడుతడు కదా, అప్పుడు.

టైమర్_పాప:
అవును, అది రోల్‌లోనే ఉంది, చాలామంది చేయరు అంతే. @మైకు_ముందు మీ క్లబ్బులో ఆ అబ్బాయికి అదే స్పీచ్ ఇంకోసారి ఇచ్చే స్లాట్ అడగండి, ఈసారి వేరే ఎవాల్యుయేటర్‌ని పెట్టమనండి, అవసరమైతే 7 నుంచి 9 నిమిషాలని ముందే అజెండాలో రాయించండి, టైమర్‌కి కూడా కార్డు ఎత్తడానికి చెయ్యి వణకదు.

మైకు_ముందు:
అడిగానండి, స్పీచ్‌ల షెడ్యూల్ చూసే వీపీఈ (వైస్ ప్రెసిడెంట్ ఎడ్యుకేషన్) వచ్చే నెల స్లాట్ చూస్తానన్నారు.