డిసెంబర్‌లో రొవానియెమి వెళ్తున్నాం, బూట్ల సంగతి కాస్త చెప్పండి

మాది బరంపురం, 15 డిగ్రీలకే మంకీ క్యాప్ తీసే ఊరు. డిసెంబర్ 20 నుంచి 26 దాకా నేనూ అమ్మా ఫిన్లాండ్‌లో రొవానియెమి వెళ్తున్నాం, వీసా టికెట్లు అన్నీ అయిపోయాయి. అప్పుడక్కడ సూర్యుడు పదకొండు దాటాక వచ్చి ఒంటిగంటన్నర లోపే వెళ్ళిపోతాడు, మైనస్ 20 కూడా మామూలేనట, పైగా ఆకాశంలో అరోరా అనే ఆకుపచ్చ వెలుగుల కోసం రాత్రిపూట మంచులో రెండు మూడు గంటలు నిలబడాలి.

అందుకని మా మావయ్య పనిచేసే రొయ్యల కోల్డ్ స్టోరేజ్‌లో మైనస్ 18లో నిలబడి చూశా (అక్కడివాళ్లంతా నవ్వారు, అది వేరే సంగతి). థర్మల్స్, స్వెట్టర్, జాకెట్‌తో ఒంటికి ఏమీ కాలేదు, కాళ్లతోనే చిక్కొచ్చింది. మొదటిసారి స్పోర్ట్స్ షూస్, కాటన్ సాక్స్, 12 నిమిషాలకి వేళ్లు మొద్దుబారాయి. రెండోసారి పైన ఉన్ని సాక్స్ కూడా తొడిగితే షూ బిగుసుకుపోయి 8 నిమిషాలకే బయటికొచ్చేశా. మూడోసారి ట్రెక్కింగ్ షూస్, ఉన్ని సాక్స్ ఒక్కటే, 20 నిమిషాలు ఆగా గానీ బొటనవేలు తెల్లగా పాలిపోయింది. అమ్మకి షుగర్, ఆవిడ కాళ్లతో ప్రయోగాలు చెయ్యలేను.

అక్కడ చలిబట్టలు బూట్లతో సహా అద్దెకిస్తారు కదా, ఆ టైంలో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఆ అద్దె బూట్లతో అన్ని గంటలు నిలబడగలమా, లేక ఇక్కడే ఒక సైజు పెద్ద వింటర్ బూట్లు కొనుక్కెళ్లాలా?