బాల్సమిక్ వెనిగర్ తాగేవాటిలో పనికొస్తుందా, సలాడ్‌కే వదిలేద్దామా?

ఉప్పుగాలి:
మొన్న ఎంవీపీ కాలనీలో మా పిన్ని కూతురి నిశ్చితార్థం. క్యాటరింగ్ వాళ్లు మాక్‌టైల్ కౌంటర్ పెట్టారు. కుర్రాడు స్ట్రాబెర్రీలు నలిపి, పుదీనా వేసి, సోడా కొట్టి, ఆఖర్న నల్లటిదేదో ఓ చిన్న గరిటెడు పోశాడు. మా బాబాయ్ ఒక గుక్క తాగి "ఏటమ్మా ఇది, ఊరగాయ జాడీ కడిగిన నీళ్లా?" అని గ్లాసు కుర్చీ కింద పెట్టేశారు. అడిగితే బాల్సమిక్ వెనిగర్ అట, ద్రాక్షరసంతో చేసే ఇటలీ వెనిగర్. నాకు మాత్రం రెండో గుక్క నుంచి నచ్చింది. అందరి ముందూ చెప్పడానికి మొహమాటమేసింది. ఇది రుచి కోసం వేస్తారా, పేరు కోసమా?

గోలీసోడా:
పేరు కోసమే. పూర్ణా మార్కెట్లో నిమ్మకాయలు కుప్పలు పోసి అమ్ముతుంటే ఇటలీ నుంచి పులుపు తెప్పించుకోవడమేటి గురూ!

బార్‌ వెనకాల:
బీచ్ రోడ్డులో ఓ హోటల్ బార్‌లో ఆరేళ్లుగా డ్రింకులు కలుపుతున్నాను. ఇక్కడ తప్పు వెనిగర్‌ది కాదు, ఆ గరిటెది. గ్లాసుకి అర టీస్పూన్‌తో మొదలెట్టాలి, ఎంత ఇష్టమున్నా ఒక టీస్పూన్ దాటొద్దు.

రెండోది, సీసా మీద చదవండి. ఇటలీలోని మోదెనా ఊరి ‘ట్రాడిజియొనాలే’ (సంప్రదాయ రకం) అంటే ఉడికించిన ద్రాక్షరసం ఒక్కటే, చెక్క పీపాల్లో తక్కువలో తక్కువ 12 ఏళ్లు. ‘ఎక్స్‌ట్రావెక్కియో’ అయితే 25. అది 100 మి.లీ. బుడ్డిలో వస్తుంది. దాన్ని సోడాలో పోసేవాణ్ణి నా కౌంటర్ దగ్గరికి రానివ్వను. సూపర్‌మార్కెట్లో మామూలుగా దొరికేది ఐజీపీ రకం, అంటే ఫలానా ప్రాంతపు సరుకని యూరప్‌లో ఇచ్చే ముద్ర ఉన్నది. ద్రాక్షరసం, వైన్ వెనిగర్ కలిపి 60 రోజులు ఉంచితే ఆ ముద్ర వచ్చేస్తుంది, రంగుకి కాస్త క్యారమెల్ కూడా వేసుకోవచ్చు. పదార్థాల్లో వెనిగర్ పేరు ముందుంటే పల్చగా, ఘాటుగా ఉంటుంది. ద్రాక్షరసం ముందుంటే తియ్యగా, చిక్కగా ఉంటుంది.

పల్చటిదే దొరికిందా? చిన్న గిన్నెలో సన్న సెగ మీద, స్పూను వెనక వేలితో గీస్తే గీత నిలిచేదాకా కాచండి. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది కాబట్టి ముందే దించాలి. కిటికీ తీసి పెట్టుకోండి, లేకపోతే మిరపకాయలు వేయించినట్టే ఇల్లంతా దగ్గులు. పులుపు పోతుందనుకోవద్దు, తీపి చిక్కబడి దాన్ని కప్పేస్తుంది.

తులసికోట:
నాదో సందేహం అండి. వైన్ వెనిగర్ అంటే మందే కదా? మా ఇంట్లో మందు ముట్టం. ఆల్కహాల్ లేని డ్రింకు అని పిల్లలకి ఇచ్చేయొచ్చా?

బార్‌ వెనకాల:
కల్లు పులిసి పులిసి ఆఖరికి వెనిగర్ అవుతుంది చూడండి, ఇదీ అంతే. బాక్టీరియా ఆల్కహాల్‌ని ఎసిటిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. లవలేశం మిగిలితే మిగలొచ్చు, టీస్పూన్‌తో ఎవరికీ ఎక్కదు. ఆ లవలేశం కూడా పనికిరాదనుకుంటే వాడొద్దు, అది మీ ఇంటి నియమం. వెనిగర్ తాగడమే వింత అంటారా, ఇరాన్‌లో వెనిగర్, తేనె లేదా చక్కెర, పుదీనాతో చేసే సెకంజబీన్ పాతకాలం నుంచీ ఉంది. అమెరికాలో పళ్లని చక్కెర, వెనిగర్‌లో నానబెట్టి ‘ష్రబ్’ అని తాగేవారు.

గోలీసోడా:
అయితే నా మాట వినండి. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, ద్రాక్షలోనూ టార్టారిక్ ఆమ్లమే. చిక్కటి చింతపండు గుజ్జు, తాటిబెల్లం పాకం కలిపితే నల్లగా, తియ్యగా, పుల్లగా వస్తుంది. ఇంకేం కావాలి? మన పానకంలో మిరియాలు వేసుకోవడం లేదా? దానికి ఏ ముద్రా అక్కర్లేకపోయింది.

ఉప్పుగాలి:
ఆదివారం రెండూ చేసి చూశాను. లంబసింగి స్ట్రాబెర్రీలు నాలుగేసి, చిటికెడు ఉప్పు, ఐసు, సోడా. ఒకదాంట్లో చింతపండు-తాటిబెల్లం, ఇంకోదాంట్లో కాచిన బాల్సమిక్ అర టీస్పూన్.

చింతపండుది తాగితే బాగానే ఉంది కానీ గుజ్జు అడుక్కి దిగిపోయి ఆఖరి గుక్క పులుసైపోయింది. పైగా స్ట్రాబెర్రీ ఎక్కడా కనపడలేదు, తాటిబెల్లమే మాట్లాడుతోంది. బాల్సమిక్‌ దాంట్లో పండు వాసన పెరిగింది. కాకపోతే సోడా బుడగలతో వెనిగర్ ఘాటు ముందు ముక్కుకే కొట్టింది. బాబాయ్‌ని తరిమింది అదేననుకుంటా. మూడోసారి సోడా సగానికి తగ్గించి ఐసు ఎక్కువ వేస్తే ఆ గొడవ లేదు.

బార్‌ వెనకాల:
సరిగ్గా పట్టుకున్నారండి. బార్‌లో కూడా నేను దీన్ని ఎక్కువగా డార్క్ రమ్‌తోనే వాడతాను, సోడా లేకుండా. నిమ్మరసం మామూలు కొలతలో సగానికి కోసేస్తాను, రెండు పులుపులూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. జిన్‌తో నాకెప్పుడూ కుదర్లేదు. గోలీసోడా గారూ, గుజ్జుని పల్చటి బట్టలో రెండుసార్లు వడకట్టండి, పులుసు బాధ తగ్గుతుంది.

గోలీసోడా:
వడకడతాను. ఒప్పుకున్నానని మాత్రం అనుకోవద్దు. నేరేడు పళ్లు దిగాక మళ్లీ వస్తా, నేరేడుకి ఏది జతో అప్పుడు తేల్చుకుందాం.

ఉప్పుగాలి:
మూడో గ్లాసు బాబాయ్‌కి పేరు చెప్పకుండా ఇచ్చాను. ఖాళీ చేసి, "ఇందులో జీలకర్ర పడితే బాగుండును" అన్నారు.