6 పీఎస్ఐ టర్బోకి ఇంటర్‌కూలర్ అవసరమా? (1992 మియాటా, టెక్సస్ ఎండలు)

ఫ్రిస్కో_పాతబండి:
అందరికీ నమస్తే. నా దగ్గర 1992 మాజ్డా మియాటా ఉంది. 1.6 లీటర్ ఇంజిన్, కంపెనీ లెక్కన 116 హార్స్‌పవర్. ఈ బండికి అప్పట్లో గ్రెడ్డీ వాళ్ళు అమ్మిన టర్బో కిట్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. టర్బో నొక్కినప్పుడు వేడెక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఆ కిట్‌లో అసలు ఉండదు. కంప్రెసర్ నుంచి గాలి నేరుగా ఇంజిన్‌లోకే. బూస్ట్, అంటే టర్బో అదనంగా పెంచే గాలి ఒత్తిడి, 6 పీఎస్ఐ దాటించే ఉద్దేశం లేదు, ఇంజిన్ విప్పే ఓపికా లేదు. ఇక్కడ పంపులో 93 ఆక్టేన్ పెట్రోల్ దొరుకుతుంది. కానీ జులైలో డాలస్ చుట్టుపక్కల మధ్యాహ్నం 38 డిగ్రీలు మామూలే. ఇంటర్‌కూలర్ లేకుండా నడపొచ్చా? "అది లేకుండా టర్బో ఏంటి" అని ఒకరు, "అంత తక్కువ బూస్ట్‌కి దండగ" అని ఇంకొకరు. కారణాలతో చెప్పండి ప్లీజ్.

సాబ్_భక్తుడు:
దండగే. హాయిగా బిగించుకోండి. 1978 సాబ్ 99 టర్బోకి ఇంటర్‌కూలర్ లేదు. 2 లీటర్ల ఇంజిన్, 145 హార్స్‌పవర్, స్వీడన్ నుంచి వచ్చి అమెరికా అంతా తిరిగింది. 1975లో వచ్చిన పోర్షే 930కీ లేదు, 260 హార్స్‌పవర్ ఇచ్చింది. వాళ్ళు ఇంటర్‌కూలర్ పెట్టింది 1978లో 3.3 లీటర్ల ఇంజిన్ వచ్చాకే. 1984 బ్యూయిక్ గ్రాండ్ నేషనల్‌కీ లేదు, 1986 మోడల్‌కి వచ్చింది. ఇవన్నీ షోరూమ్‌లో వారంటీ ఇచ్చి అమ్మిన బళ్ళు. ఇప్పుడు 6 పీఎస్ఐకి కూడా భయపెడుతున్నారంటే అది పార్టులు అమ్ముకునేవాళ్ళ పుణ్యం.

థర్మో_మాస్టారు:
లెక్క వేసి చూద్దాం, వాదన తర్వాత. 6 పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడి మామూలు కంటే సుమారు 1.41 రెట్లు. 38 డిగ్రీల గాలిని అంత ఒత్తిడికి నొక్కితే, కంప్రెసర్ 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తోందనుకుంటే, వేడి ఇంకో 46 డిగ్రీలు పెరుగుతుంది. అంటే 84. ఆ టర్బో తన మ్యాప్‌లో (ఏ పరిస్థితిలో ఎంత సామర్థ్యమో చూపే పటంలో) ఓ మూలకి పోయి 60 శాతానికి పడిపోతే 91 దాకా వెళ్తుంది. అదే 12 పీఎస్ఐ అయితే 120 దాటుతుంది. అక్కడ చర్చే అక్కర్లేదు, ఇంటర్‌కూలర్ ఉండాల్సిందే.

ఇక పవర్ సంగతి. 84 డిగ్రీల గాలి ఇంజిన్‌కి మామూలు కంటే 23 శాతం ఎక్కువ అందుతుంది. మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి 50 డిగ్రీలకి దించామనుకోండి, అందులోంచి పోయేటప్పుడు అర పీఎస్ఐ పోయినా 32 శాతం ఎక్కువ. రెండింటి మధ్య తేడా దాదాపు 8 శాతం.

సాబ్_భక్తుడు:
ఇదే కదా మాస్టారూ నేను చెప్పేది! 8 శాతం కోసం బంపర్ విప్పి, పైపులు వంచి, అరడజను జాయింట్లకి క్లాంపులు బిగించాలి. ఒక్క క్లాంప్ వదులైతే బూస్ట్ మొత్తం ఉస్సుమంటుంది. పైగా మియాటా ముందు భాగంలో ఖాళీ ఎంత? ఏసీ కండెన్సర్, రేడియేటర్, వాటి ముందు ఇంకో అడ్డు. టర్బో పెట్టిన మియాటాలు ట్రాక్ మీద కూలెంట్ వేడెక్కి ఏడిపిస్తాయని అందరికీ తెలుసు.

హెడ్‌గాస్కెట్:
కూకట్‌పల్లిలో వర్క్‌షాప్ నాది. మీరిద్దరూ పవర్ దగ్గరే ఆగిపోయారు. ఇంటర్‌కూలర్ పెట్టేది పవర్ కోసం తర్వాత, నాకింగ్ రాకుండా ముందు.

సాబ్ అన్నా, మీరు చెప్పిన బళ్ళ కంప్రెషన్ రేషియోలు, అంటే పిస్టన్ లోపలి మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ లెక్క కూడా చెప్పాల్సింది. సాబ్ 99 టర్బో 7.2. పోర్షే 930 అయితే 6.5. ఆ బ్యూయిక్ 8. టర్బో పెట్టబోతున్నాం, గాలి వేడిగా వస్తుంది అని తెలిసే కంప్రెషన్ తగ్గించి కట్టారు వాళ్ళు. ఈ తమ్ముడి మియాటా 9.4. టర్బో లేకుండా నడవడానికి కట్టిన ఇంజిన్. దాంట్లోకి 84 డిగ్రీల గాలి పంపి, పిస్టన్ పైకొచ్చేటప్పుడు ఇంకా నొక్కితే, స్పార్క్ మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తనే అంటుకుంటుంది. నాకింగ్ అంటే అదే.

నాకింగ్ చెవికి వినపడాలని రూలేం లేదు. సాఫ్ట్ టాప్ కన్వర్టిబుల్‌లో, ఎగ్జాస్ట్ మోతలో అసలే వినపడదు. స్పార్క్ ప్లగ్గు విప్పి చూస్తే తెలుస్తుంది. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటాయి. భూతద్దం పెడితే వాటి మధ్య మెరుస్తూ సన్నటి పూసలు కనిపిస్తాయి. అది పిస్టన్ అల్యూమినియం. ఆ దశలో యాక్సిలరేటర్ మీద కాలు తీయకపోతే తర్వాత విరిగేది పిస్టన్ రింగుల మధ్య ఉండే గట్టు. ఇక ఇంజిన్ దించాల్సిందే.

ఒక్క మంచి మాట: ఆక్టేన్ అంటే పెట్రోల్ నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో ఆ లెక్క; అక్కడి 93, ఇక్కడి లెక్కలో 97-98తో సమానం. లెక్కగట్టే పద్ధతులు వేరు. 20 శాతం ఇథనాల్ కలపకముందు మన మామూలు బంకు పెట్రోల్ 91 ఉండేది, అంటే అక్కడి 87 అన్నమాట. కాబట్టి ఇంధనం విషయంలో తమ్ముడు అదృష్టవంతుడే. ఆ రోజుల్లో ఇదే ప్రశ్న హైదరాబాద్ నుంచి వచ్చుంటే ఒక్క ముక్కలో వద్దనేవాణ్ణి.

లోగన్_డీజిల్:
మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. మహీంద్రా రెనో లోగన్ 1.5 డీజిల్, 65 హార్స్‌పవర్ బండి, టర్బో ఉంది, ఇంటర్‌కూలర్ లేదు. మా బాబాయి దాన్ని ట్యాక్సీగా ఏళ్ళ తరబడి విజయవాడ రోడ్డు మీద తిప్పారు. మే నెలలో, ఐదుగురితో, ఏసీ వేసి. ఏమీ కాలేదు. 9.4 అని భయపడుతున్నారు గానీ డీజిల్ కంప్రెషన్ దానికి రెట్టింపు ఉంటుంది కదా?

హెడ్‌గాస్కెట్:
బాబూ, డీజిల్‌ని ఇందులోకి తేకు. డీజిల్ ఇంజిన్ లోపలికి పీల్చేది ఉత్త గాలి. ఇంధనం చివర్లో చిమ్ముతుంది, వేడికి అంటుకోవడమే దాని పని. ముందే అంటుకోవడానికి అక్కడ ఏముంది? గాలి వేడిగా ఉంటే పవర్ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది, ఎక్కువ డీజిల్ పోస్తే పొగ కొడుతుంది, అంతే. లారీల మీద టీసీ అని, టీసీఐసీ అని రాసుంటుంది చూడు. మొదటిదానికి టర్బో ఒక్కటే, రెండోదానికి ఇంటర్‌కూలర్ కూడా. రెండూ రోడ్డు మీద తిరిగినవే. పెట్రోల్ ఇంజిన్‌కి ఆ వెసులుబాటు లేదు.

ఫ్రిస్కో_పాతబండి:
హెడ్‌గాస్కెట్ అన్నా, ప్లగ్గు సంగతి చదివాక టెన్షన్ మొదలైంది. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) కొంచెం వెనక్కి పెడితే? ఈ బండికి బేస్ టైమింగ్ 10 డిగ్రీలు, సెన్సర్ తిప్పి తగ్గించుకోవచ్చు. లేదంటే వాటర్ ఇంజెక్షన్?

థర్మో_మాస్టారు:
సెన్సర్ తిప్పితే అన్ని ఆర్‌పీఎంల దగ్గరా ఒకేలా తగ్గుతుంది. బూస్ట్ లేనప్పుడు బండి మొద్దుబారిపోతుంది, బూస్ట్‌లో ఉన్నప్పుడు అదైనా చాలుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. పైగా టైమింగ్ తగ్గేకొద్దీ ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది.

అసలు చిక్కు ఇంకోటుంది. మీ 1.6లో గాలి ఉష్ణోగ్రత చూసే సెన్సర్ ఎక్కడుందో గమనించారా? ఫిల్టర్ పక్కనుండే ఎయిర్‌ఫ్లో మీటర్‌లో. అంటే టర్బోకి ముందు. కంప్రెసర్ దాటాక గాలి 84కి చేరినా ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) మాత్రం 38 అనుకునే మంట పెడుతుంది. ఆ ఏడాది మియాటాకి నాక్ సెన్సర్ కూడా లేదు. సాబ్ వాళ్ళు 1980ల మొదట్లోనే నాకింగ్‌ని పసిగట్టి బూస్ట్ తగ్గించే ఏపీసీ పెట్టారు, అదీ తక్కువ కంప్రెషన్ ఇంజిన్‌కి. మీ బండిలో వేడి సంగతి ఎవరికీ తెలీదు, మీకూ తెలీదు.

వాటర్ ఇంజెక్షన్ పనిచేస్తుంది. నీళ్ళు ఆవిరవుతూ బోలెడంత వేడి లాగేస్తాయి. 1962 ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ 10.25 కంప్రెషన్ మీద 5 పీఎస్ఐ బూస్ట్ నడిపింది ఈ పద్ధతిలోనే, నీళ్ళు, మిథనాల్ కలిపిన ద్రవంతో. కానీ ఆ సీసా నింపడం ఓనర్లు మర్చిపోయేవారు. రెండేళ్ళలో కారే ఆపేశారు. ఇంటర్‌కూలర్‌కి ఆ గొడవ లేదు, దాంట్లో పోయాల్సింది ఏమీ లేదు.

సాబ్_భక్తుడు:
కంప్రెషన్ మాట ఒప్పుకుంటా, అది నిజమే. కానీ ఈయన బండి రోజూ ట్రాక్ మీద ఉండదు కదా. హైవేలో నిలకడగా పోతుంటే బూస్టే ఉండదు. ర్యాంప్ ఎక్కేటప్పుడు ఐదారు సెకన్లు, అంతే. గాలి వేడెక్కినంత తొందరగా ఇన్‌టేక్ లోహం వేడెక్కదు. నా ఓటు ఇప్పటికీ అటే: 5 పీఎస్ఐకి దించి, ప్లగ్గులు ఒక మెట్టు చల్లటి రకం వేసి నడపండి.

హెడ్‌గాస్కెట్:
ఆ ఐదారు సెకన్లలోనే అయ్యేది అవుతుంది అన్నా. నాకింగ్‌కి నిమిషాలు అక్కర్లేదు. ఎండలో సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే బానెట్ కింద గాలి బయటికంటే ఎంత వేడిగా ఉంటుందో చెయ్యి పెట్టి చూడండి. పచ్చ లైట్ పడగానే ఫుల్ థ్రాటిల్ కొడితే మాస్టారి 84 ఎక్కడ సరిపోతుంది?

తమ్ముడూ, డబ్బు ఒక్కదానికే ఉంటే ఇంటర్‌కూలర్ కంటే ముందు ట్యూన్ చేసుకోగలిగే వేరే ఈసీయూ కొను. మెగాస్క్విర్ట్ లాంటిది ఏదైనా సరే. కంప్రెసర్ తర్వాత పైపులో టెంపరేచర్ సెన్సర్ పెట్టి, వేడి పెరిగితే టైమింగ్ తగ్గేలా ట్యూన్ చేయించు. అప్పుడు 5 పీఎస్ఐతో ఇంటర్‌కూలర్ లేకపోయినా నాకు అభ్యంతరం లేదు. ఈసీయూ లేకుండా అయితే ఇంటర్‌కూలర్ పెట్టినా భయమే.

ఫ్రిస్కో_పాతబండి:
ఈసీయూ, సెన్సర్ ముందు. ట్యూనింగ్ అయ్యేదాకా, బూస్ట్‌ని అదుపు చేసే వేస్ట్‌గేట్ స్ప్రింగ్ 5 పీఎస్ఐది వేస్తా. ఫుల్ థ్రాటిల్ కొట్టకుండా ఓ ఎండాకాలం నడిపి, సెన్సర్ రీడింగులు, ప్లగ్గు ఫొటోలు ఇక్కడే పెడతా. సాబ్ అన్నా, 80 దాటిందంటే ఇంటర్‌కూలర్ పైపులు వంచడానికి మీరే రావాలి, మీరు హ్యూస్టన్‌లోనే కదా ఉండేది.

సాబ్_భక్తుడు:
వస్తా. మాంసం బిర్యానీ పెట్టాలి. అయినా దాటదు.